శాంతికాలపు మృతులు

2021 డిసెంబరు 8వ తేదీ మధ్యాహ్నం నీలగిరులలోని కూనూరు సమీపాన వైమానిక దళ హెలికాప్టర్ కూలిపోయింది. సూలూరు స్థావరం నుంచి వెల్లింగ్టన్ సైనిక కళాశాలకు వెళుతున్న ఆ హెలికాప్టర్‌లో 14 మంది ఉన్నారు. త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన సతీమణి సహా 13 మంది ఆనాడే మరణించారు. మిగిలిన ఒక్కరు, గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్, 15వ తేదీన బెంగుళూరులో కన్నుమూశారు.

పత్రికలలో పెద్ద అక్షరాలు సహజంగానే జనరల్ రావత్‌కు దక్కాయి. తక్కిన జవానులు 'తదితరులు' అయ్యారు. ఆ తదితరులలో ఒకరు అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువ రేగడ వాసి లాన్స్ నాయక్ సాయితేజ. జనరల్ రావత్ అంగరక్షకులలో ఒకరు. మృతదేహాన్ని గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు అవసరమైనందున డిసెంబరు 12 వరకు అంత్యక్రియలు జరగలేదు. ఆ నాలుగు రోజులు ఆ ఇంట ఎలా గడిచాయో ఊహించుకోవలసిందే. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు అందజేసింది. అది సముచితమే.

విచారణ సంఘం 2022 జనవరిలో ప్రాథమిక నిర్ణయాలు తెలిపింది. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మేఘాలలో చిక్కుకున్నదనీ, పైలట్‌కు దిక్కు తెలియక నేలను ఢీకొన్నదనీ, యంత్రలోపం, విద్రోహం, నిర్లక్ష్యం కారణాలు కావనీ పేర్కొంది. 2024 డిసెంబరులో వెలువడిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో మాత్రం ఇదంతా 'సిబ్బంది తప్పిదం' అనే ఒక్క ముక్కకు కుదించుకుపోయింది. బదులు చెప్పలేని మృతునిపై ఆ ముద్ర వేసి ఊరుకోవడం భావ్యం కాదు. అదే నివేదిక ప్రకారం 2017-22 మధ్య వైమానిక దళంలో జరిగిన ప్రమాదాలు 34.

సరిహద్దులో తుపాకులు మోగకపోతే శాంతికాలం అనడం మనకు అలవాటు. కొండలూ మబ్బులూ సైనికునికి ఆ వెసులుబాటు ఇవ్వవు. కాగా ఈ తేడా మాటలతో ఆగలేదు, పింఛను నిబంధనలలోనూ ఉన్నది. శత్రువుతో పోరాడి మరణించిన జవాను కుటుంబానికి ఆఖరు జీతమంత పింఛను లభిస్తుంది. విధి నిర్వహణలో ప్రయాణిస్తూ విమాన ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి వచ్చేది అందులో 60 శాతమే. రణరంగంలో ప్రాణాలొడ్డినవారికి అధిక గౌరవం ఉండాలనడాన్ని ఎవరూ కాదనరు. అందుకు పతకాలున్నాయి. పిల్లల బడి ఫీజుకూ, బియ్యం కొట్టు బాకీకీ ఈ వర్గీకరణ తెలియదు గదా! సైనికుడు ముచ్చటపడి హెలికాప్టర్ ఎక్కడు, ఉత్తర్వు మేరకు ఎక్కుతాడు.

ప్రతి డిసెంబరులో చిత్రపటాలకు పూలమాలలు వేసే నాయకులు ఈ సంగతి ఢిల్లీలో లేవనెత్తాలి. నిబంధన సవరణకు పార్లమెంటులో బిల్లు అక్కరలేదు. రక్షణ మంత్రిత్వ శాఖ ఉత్తర్వు చాలు.