పేడ ఇటుకలు సరే, మేత సంగతేంటి?

పేడలోంచి పీచు తీసి అట్టలు, ఇటుకలు చేస్తే నెదర్లాండ్స్‌లో మిగులు పేడ బాధ తీరిపోతుందట! పేడతో గోడలలికిన వాళ్ళం, నాకు పేడంటే చిన్నచూపేం లేదు లెండి. కానీ అక్కడి గొడవ పీచుతో కాదు మహాప్రభో, నత్రజనితో, భాస్వరంతో. పీచు తీసినా నత్రజని చాలామటుకు ఆ నీళ్ళలోనే ఉండిపోతుంది.

అసలివి ఎక్కణ్ణుంచి వచ్చాయి? చాలావరకు మేతతో. బ్రెజిల్ సోయా ఓడెక్కి రోటర్‌డామ్‌లో దిగుతుంది. అక్కడి పొలం మళ్ళీ భాస్వరం కొనుక్కోవాలి, ఇక్కడి పొలానికేమో అజీర్తి. 2019లో డచ్ కోర్టు నత్రజని అనుమతుల పద్ధతిని కొట్టేస్తే ఇళ్ళ నిర్మాణాలు కూడా ఆగిపోయాయి (ఇటుకలెవరికో మరి!).

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, మెమరీ లీకవుతుంటే కోడ్ వదిలేసి ర్యామ్ కొనడం. పైగా ఫ్యాక్టరీ పెట్టాక రోజూ పేడ కావాలి. అప్పుడు ఆవుల్ని తగ్గించమని అడిగేదెవరు?