పవర్ పెట్రోల్ కొట్టిస్తే పికప్ పెరుగుతుందా? మెదక్ కార్ల ఓనర్లు చూడాల్సిన నంబర్ వేరే ఉంది!

బంకులో కారు ఆపగానే ‘ఎంతకు కొట్టాలి సార్’ అని అడుగుతారు. దానికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది. ఆ వెంటనే వచ్చే ‘నార్మలా, పవరా?’ అన్న ప్రశ్నకే చాలామంది తడబడతారు. మెదక్ నుంచి హైదరాబాద్ పోయి రావాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం తిరిగే బండికి లీటర్‌పై కొన్ని రూపాయలు ఎక్కువైనా మంచిదే పోయిద్దాం అనిపించడం సహజం. కానీ పొరపాటు జరిగేది అక్కడే. బోర్డు మీద కనిపించే 91, 95, 100 అనేవి పెట్రోల్ క్వాలిటీకి వేసిన మార్కులు కావు.

అసలు ఆక్టేన్ అంటే ఏంటి?

ఇంజిన్ సిలిండర్‌లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పు రాజేశాక అది ఒక పద్ధతిగా మండాలి. ఆ మంట చేరేలోపే ఒత్తిడికి, వేడికి పెట్రోల్ తనంతట తానే అంటుకుంటే లోపల టక్ టక్‌మని చప్పుడొస్తుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. అలా ముందే అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబర్. నంబర్ పెద్దదైతే శక్తి ఎక్కువ అని కాదు.

అంటే 91 సరిపోయేలా తయారైన మామూలు ఇంజిన్‌లో 100 పోయించినా పెద్దగా ఒరిగేదేం లేదు. టర్బో ఇంజిన్లు, కంప్రెషన్ ఎక్కువున్న ఇంజిన్ల సంగతి వేరు. మాన్యువల్‌లో 95 అని రాసి ఉంటే 95 పోయించాల్సిందే. తగ్గితే కొత్త కార్లలోని సెన్సర్ నాకింగ్‌ను పసిగట్టి స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. ఇంజిన్ పాడవకుండా కాపాడుతుంది గానీ పికప్, మైలేజ్ తగ్గుతాయి.

ఇంకో తికమక కూడా ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు ‘ఇక్కడ మేం 87 పోయిస్తాం’ అంటే మన పెట్రోలే మెరుగు అనుకోవద్దు. అక్కడ లెక్కగట్టే పద్ధతి వేరు. వాళ్ల 87 మన లెక్కలో దాదాపు 91, 92తో సమానం.

95కి ఎక్స్‌ట్రా ఎందుకు?

కథ అడ్డం తిరిగేది ఇక్కడే. కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణ ప్రకారం పెట్రోల్ ఆక్టేన్ 84.4 అయితే ఇథనాల్‌ది 108.5. అందుకే 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20తో మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91 నుంచి 95కి పెరిగిందని ఆ శాఖే చెప్పింది. మరి నార్మల్‌లోనే 95 ఉంటే ‘95’ అని బోర్డు పెట్టిన ప్రీమియానికి ఎక్కువ డబ్బులెందుకు? అందులో ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచే రసాయనాలు కలుపుతామని కంపెనీలు చెబుతాయి. అది నిజమే కావొచ్చు. కానీ కేవలం ఆ నంబర్ చూసి డబ్బులు పెట్టేవాళ్లు మాత్రం మళ్లీ ఆలోచించుకోవాలి.

ఆక్టేన్ పెరిగింది, బాగానే ఉంది. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. నంబర్ పైకి పోతే మైలేజ్ కిందికొచ్చింది. ఈ10కి తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1-2 శాతం, మిగతా వాటిలో 3-6 శాతం తగ్గొచ్చని కేంద్రమే ఒప్పుకుంది. 2021 నాటి నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ అయితే కొన్ని పాత కార్లలో 6-7 శాతం అని రాసింది.

మెదక్ లెక్కలో చెప్పాలంటే.. లీటర్‌కు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు హైదరాబాద్ పోయి రావడానికి 13.3 లీటర్లు తాగుతుంది. మైలేజ్ 6 శాతం తగ్గితే అదే ట్రిప్పుకు దాదాపు 14.2 లీటర్లు. లీటర్ 107 రూపాయలు వేసుకున్నా 90 రూపాయలు అదనం. నెలకు నాలుగు ట్రిప్పులు కొట్టేవాళ్లకు 360. పవర్ పెట్రోల్ పోయిస్తే ఈ నష్టం పూడుతుందనుకోవడానికి లేదు. ప్రీమియం అని రాసి ఉన్నంత మాత్రాన అందులో ఇథనాల్ లేనట్టు కాదు.

ఇథనాల్ లేనిది కావాలంటే 100 ఆక్టేన్ వైపు చూడాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో దాన్ని తెచ్చినప్పుడే ఢిల్లీలో లీటర్ 160 రూపాయలు. పైగా అది పెద్ద సిటీల సరుకు. పాత ఆల్టో నడిపే మెదక్ టీచర్‌కో, చిన్న వ్యాపారికో అది దారి కాదు. ఈ20తో పాటు ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మాలని వేసిన పిల్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. బ్రెజిల్ ఇంకా ముందుకు పోయి 2025 ఆగస్టు నుంచి 30 శాతం కలుపుతోంది. కాకపోతే అక్కడ ఏది పోసినా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయెల్ కార్లు 2003 నుంచే రోడ్డెక్కాయి. బండ్లు సిద్ధమయ్యాక ఇంధనం మార్చడం ఒకటి, ఇంధనం మార్చేసి బండి సంగతి ఓనర్‌కు వదిలేయడం ఇంకొకటి.

ఇథనాల్‌తో దిగుమతుల ఖర్చు తగ్గుతుంది, రైతుకు ఆదాయం వస్తుంది అన్నది కేంద్రం వాదన. అందులో పస లేదని కాదు. 2014లో 1.5 శాతమే ఉన్న ఇథనాల్ 2025కి 20 శాతానికి చేరింది. అయితే మెదక్ పక్కనే ఉన్న మంబోజిపల్లి నిజాం దక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లోనే మూతపడింది. చెరకుకు ఇథనాల్ గిరాకీ పెరిగే నాటికి ఇక్కడి రైతుకు గానుగ ఆడే ఫ్యాక్టరీయే లేకుండా పోయింది.

పాత కారుంటే ఏం చేయాలి?

ముందు ట్యాంక్ మూత లోపలి వైపు, ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. ఏ ఆక్టేన్ కావాలో, ఈ10 వరకేనా ఈ20 కూడా పోయొచ్చా అన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న కారైతే సర్వీసింగ్‌లో పెట్రోల్ పైపులు, రబ్బరు గ్యాస్కెట్లు చెక్ చేయించాలి. కొన్ని పాత బండ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత వీటిని మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో కారును నెలల తరబడి కదపకుండా ఉంచొద్దు.

మైలేజ్ నిజంగా పడిపోయిందా అన్న అనుమానం ఉంటే డాష్‌బోర్డు చూపించే అంకెను నమ్మకండి. ఫుల్ ట్యాంక్ చేయించి రీడింగ్ రాసుకుని, ఓ 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. ఒకసారి నార్మల్‌తో, ఇంకోసారి పవర్‌తో ఇలా చేస్తే మీ కారుకు ఆ ఎక్స్‌ట్రా డబ్బులు గిట్టుబాటవుతున్నాయో లేదో తేలిపోతుంది.