జంక్షన్‌లో దిగి చూడటానికి ఏముంది?



హనుమాన్ జంక్షన్‌లో రైలు దిగినవారికి స్టేషన్ బోర్డు మీద కనిపించే పేరు ‘నూజివీడు’. 2001లో వచ్చిన ‘హనుమాన్ జంక్షన్’ సినిమాతో ఊరి పేరు తెలుగువాళ్లందరికీ తెలిసింది గానీ ఆ కథ మలయాళ సినిమా ‘తెంకాశిపట్టణం’ది. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే ఈ కూడలిలో హోటళ్లకూ పండ్ల బళ్లకూ బస్సు మారేవాళ్లే ఆధారం. జాతీయ రహదారికి బైపాస్ పడ్డాక కోల్‌కతా–చెన్నై బండ్లకు ఊళ్లోకి వచ్చే పని లేదు. ఇకమీదట ఎవరైనా ఇటు తిరగాలంటే ఓ కారణం ఉండాలి.

ఇలాంటప్పుడు మనవాళ్లకు తట్టేవి రెండే: ఎత్తయిన విగ్రహం, లేదా ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరుతో వెలిగే అక్షరాలు. హైదరాబాద్ రోడ్డు మీద పరిటాలలో 135 అడుగుల ఆంజనేయుడు 2003 నుంచే ఉన్నాడు. ఆయనతో ఎత్తులో పోటీపడి జంక్షన్ బావుకునేదేమీ లేదు. ఇక ఆ లైట్ల అక్షరాలంటారా, ఏ ఊళ్లో చూసినా ఒకటే.

కావలసిన సరుకు చుట్టూ నలభై, యాభై కిలోమీటర్లలోనే ఉంది. నూజివీడులో పనస చెక్కతో వీణలు చేస్తారు. గుడివాడ దాటి పామర్రు మీదుగా వెళితే కూచిపూడి. గుడివాడ మీదుగానే మచిలీపట్నం వైపు వెళితే పెడనలో కలంకారీ అద్దకం. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెడితే నలుపు, పటిక పట్టించిన చోట ఎరుపు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఈ క్రమాన్నే బస్ షెల్టర్ గోడ మీద వరసగా చూపించవచ్చు: మొదటి పలకలో గీతలు, తర్వాతి పలకలో ఒక రంగు, ఆపైన ఇంకొకటి. గుడివాడ బస్సు ఆగే చోట పెడన పనితనం, నూజివీడు బస్సు ఆగే చోట వీణ. చదవడం రానివాళ్లకు కూడా ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది.

జపాన్‌లోని ఎచిగో–త్సుమారి కొండ పల్లెల్లో, కుర్రకారు పట్నాలకు వలసపోయిన చోట, 2000లో మూడేళ్లకొకసారి జరిగే కళోత్సవం మొదలుపెట్టారు. అక్కడ కబకోవ్ అనే కళాకారుల జంట వరి మడుల్లో రైతుల ఆకారాలు నిలబెట్టింది. ఎదుటి మంచె మీద నుంచి చూస్తే దున్నకం మొదలు ధాన్యం అమ్మకం దాకా వరసగా కనిపిస్తుంది. వరి గురించి కృష్ణా డెల్టాకు ఎవరూ చెప్పనక్కర్లేదు గానీ, ఉన్న ఊరిపనినే చూపించాలన్న ఆ ఆలోచన మాత్రం తెచ్చుకోదగ్గది.

బిహార్‌లో మధుబని రైల్వే స్టేషన్ గోడలకు 2017లో మిథిలా చిత్రకారులు రంగులు వేశారు. మురికికి పేరుపడ్డ స్టేషన్‌కు మరుసటి ఏడాదే అందమైన స్టేషన్ల పోటీలో బహుమతి వచ్చింది. అయితే ఆ చిత్రకారులు చేసింది శ్రమదానం. అది మాత్రం ఇక్కడ వద్దు. పెడన అచ్చు చెక్కేవాడికి కూలీ కట్టాలి, గోడ మీద పేరు వేయాలి. 2016 పుష్కరాలకు విజయవాడ గోడల మీదా బొమ్మలు వేయించారు. పండగ పేరుతో వేసిన రంగులను పండగయ్యాక పట్టించుకునేవారుండరు. అందుకే కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చు ముందే పక్కన పెట్టకుండా ఒక్క గోడనూ ముట్టుకోకూడదు.

బొమ్మల కోసం జంక్షన్‌కు ఎవరొస్తారని అడిగేవాళ్లుంటారు. కొత్తగా ఎవరూ రాకపోయినా ఫర్వాలేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పిల్లల్ని దింపడానికి వెళ్లే తల్లిదండ్రులు, విజయవాడ నుంచి బస్సులో ద్వారకా తిరుమల వెళ్లే భక్తులు ఎలాగూ ఈ దారినే పోతారు. వాళ్లలో పెడన పేరు విననివాళ్లు బోలెడుమంది. రైల్వే, ఆర్టీసీ, పర్యాటక శాఖ, పంచాయతీ ఒక్కచోట కూర్చుని మొదట ఒక్క షెల్టర్‌తో ప్రయత్నించవచ్చు. గుడివాడ బస్సు ఆగే చోటైతే మేలు. పెడనకు ఎలా వెళ్లాలో, అద్దకం ఏ వేళలో చూడవచ్చో కూడా ఆ గోడ మీదే రాయించాలి.

– ఒక పాఠకురాలు, బాపులపాడు మండలం, కృష్ణా జిల్లా