తీగ వెంట నడిచాకే సంతకం

వ్యాపారానికి ఇంటర్నెట్ లీజ్డ్ లైను తీసుకోబోతున్నవాళ్లు ఒప్పందం మీద సంతకాన్ని ఒక్క రోజు వాయిదా వేయండి. ఆ రోజు కంపెనీ ఇంజనీరును వెంటబెట్టుకుని, మీ ఆఫీసు గడప నుంచి వాళ్ల జంక్షన్ దాకా తీగ ఏ దారిన వస్తుందో నడిచి చూడండి. అది కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వచ్చేదైతే సంతకం పెట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. ఎన్నో పేటల్లో నెట్ ఆగిపోయింది. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభం ఎక్కినవాడికి ఏ తీగ ఇంట్లో టీవీకి వెళ్తుందో, ఏది ఆసుపత్రికి వెళ్తుందో తెలియదు. నెలకు ఏడెనిమిది వందలు కట్టే బ్రాడ్‌బ్యాండూ, వేలకు వేలు పోసి తెచ్చుకున్న లీజ్డ్ లైనూ ఒకే కట్టలో ఉంటే ఒకే కత్తెరకు తెగుతాయి.

మనం కట్టే డబ్బు దేనికో ముందు తేల్చుకోవాలి. 50 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను అంటే ఆ సామర్థ్యం మొత్తం మీ ఒక్కరిదే. పైకి పంపడానికీ కిందికి దింపుకోవడానికీ వేగం సమానంగా ఉండాలి, పగలూ రాత్రీ తగ్గకూడదు. బ్రాడ్‌బ్యాండ్‌లో అదే సామర్థ్యాన్ని చుట్టుపక్కల ఇళ్లూ దుకాణాలూ పంచుకుంటాయి. ప్రకటనలో ‘గరిష్ఠంగా’ అని చిన్న అక్షరాల్లో రాసేది అందుకే. ఈ తేడా నిజమైనదే, కొందరికి ప్రాణావసరం కూడా.

రాత్రి పదకొండింటికి తలకు దెబ్బ తగిలిన మనిషిని జిల్లా కేంద్రంలోని స్కానింగ్ సెంటర్‌కు తెచ్చారనుకోండి. సీటీ తీసే టెక్నీషియన్ అక్కడే ఉంటాడు. దాన్ని చదివే రేడియాలజిస్టు మాత్రం వేరే ఊళ్లో తన ఇంట్లో ఉంటారు. బొమ్మలన్నీ కలిపి 500 ఎంబీ అయితే, పైకి పంపే వేగం నిఖార్సుగా 20 ఎంబీపీఎస్ ఉన్నప్పుడు మూడున్నర నిమిషాల్లోపే ఆయనకు చేరతాయి. పంచుకునే లైనులో రద్దీ పెరిగి వేగం 2 ఎంబీపీఎస్‌కు పడిపోతే అరగంట దాటుతుంది. మెదడులో రక్తస్రావం అవుతున్న మనిషికి ఆ అరగంట ఏమిటో ఏ డాక్టరునైనా అడగండి. ఇలాంటి చోట లీజ్డ్ లైను ఖర్చు దండగ అనేవాళ్ల మాట వినవద్దు.

అయితే ఆ హామీ అంతా సామర్థ్యానికే, దారికి కాదు. ఇక్కడే మన వ్యాపారులు మోసపోతున్నారు. ఒక కంపెనీ లైను పోతే ఇంకొకటి ఆదుకుంటుందని రెండు కంపెనీలకు డబ్బు కడతారు. ఆ రెండు కంపెనీలూ చివరి అర కిలోమీటరు ఒకే స్థానిక కేబుల్ ఆపరేటరు తీగల మీదో, ఒకే కందకంలోనో వస్తుంటాయి. డ్రైనేజీ కోసం తవ్వే జేసీబీ పంటి కింద రెండూ ఒకేసారి పోతాయి. తవ్వేవాళ్లు కేబుళ్ల యజమానులకు ముందుగా చెప్పాలని కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. వీధిలో గుంత తీసే ప్రతి కాంట్రాక్టరూ అది చూసి తవ్వుతాడని నమ్మి వ్యాపారం నడపలేం. రెండో లైను వేరే వీధి నుంచి, వీలైతే భవనానికి వేరే వైపు నుంచి రావాలి. అది కుదరని చోట డాబా మీద వైర్‌లెస్ లింకు పెట్టించుకోవచ్చు. తీర ప్రాంతం వాళ్లు మాత్రం 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో స్తంభాలనూ టవర్లనూ ఎలా కూల్చిందో గుర్తుంచుకుని, ఒక లైనైనా భూమి లోపలి నుంచి వచ్చేలా చూసుకోవాలి.

ఇక ఒప్పందంలో సేవా హామీ పేజీ. సేల్స్ కుర్రాడు 99.5 శాతం అనగానే నూటికి నూరు వచ్చినంత సంబరపడతాం. లెక్క వేయండి. ముప్పై రోజుల నెలలో అర శాతం అంటే 3 గంటల 36 నిమిషాలు. ఆ శాతాన్ని ఏడాది మొత్తానికి లెక్కగడితే దాదాపు 44 గంటలు. అంటే సంక్రాంతి ముందు మీ బట్టల దుకాణంలో, రిటర్నుల గడువు రోజున మీ ఆడిటర్ ఆఫీసులో ఏకబిగిన దాదాపు రెండు రోజులు నెట్ లేకపోయినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. కాబట్టి లెక్క నెలవారీగా ఉండాలని పట్టుబట్టండి. ఎన్ని గంటల్లో బాగుచేస్తారో విడిగా రాయించండి. ఆ గంటలు మీరు ఫిర్యాదు చేసిన నిమిషం నుంచి మొదలవుతాయా, వాళ్లు టికెట్ తెరిచినప్పటి నుంచా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

మినహాయింపుల పేరాను అన్నిటికంటే నెమ్మదిగా చదవండి. రోడ్డు వెడల్పు పనులు, ఇతరులు తీగ తెంపడం, కరెంటు కోత, ‘మా చేతిలో లేని కారణాలు’. మన ఊళ్లలో నెట్ పోయే కారణాలన్నీ ఆ పేరాలోనే ఉంటే, పైన రాసిన శాతానికి విలువ లేదు. పరిహారం కూడా చాలా ఒప్పందాల్లో అద్దెలో కొంత తగ్గించడం వరకే, అదీ మీరు అడిగితేనే. పోయిన బేరం ఎవరూ తెచ్చివ్వరు. మీ ఆఫీసులో జనరేటర్ ఉన్నా వీధి చివర వాళ్ల పెట్టెలో బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అడగండి. ఈ ప్రశ్న అడిగేవాళ్లు బహు అరుదు.

అందరికీ లీజ్డ్ లైను అక్కర్లేదని కూడా చెప్పాలి. యూపీఐ, బిల్లింగ్ తప్ప వేరే పనిలేని కిరాణా కొట్టుకూ టిఫిన్ సెంటరుకూ మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఒకటి, సిమ్ వేసుకునే రూటర్ ఒకటి చాలు. మూడేళ్ల ఒప్పందంలో ఇరికించి పెద్ద లైను అంటగట్టడానికి వచ్చేవాళ్లను వాకిట్లోంచే పంపేయండి.

కానీ పెద్దదైనా చిన్నదైనా మీ వ్యాపారం కోసం వేసే తీగ దారినపోయేవాళ్ల తల మీద వేలాడకూడదు. చౌక అన్న ఒక్క కారణంతో స్తంభాల మీది తీగను ఒప్పుకుంటే ఆ ప్రమాదంలో మన వాటా కూడా ఉంటుంది. భూగర్భంలోంచి తేవడానికి ఒకసారి అయ్యే ఖర్చును బేరం చేయండి, పంచుకోండి. ఒక కాంప్లెక్సులో పది ఆఫీసులుంటే పదీ కలిసి అడగండి. తీగ దారి పటాన్ని ఒప్పందానికి జతచేయించి, దాని మీదా సంతకం తీసుకోండి.

ఇప్పటికే రెండు లైన్లు ఉన్నవాళ్లు ఈ వారమే, పని తక్కువగా ఉన్న గంట చూసి, మొదటి తీగను రూటర్ నుంచి పీకండి. రెండోది దానంతటది అందుకోవాలి. నెట్ ఒక్కటే చూసి ఊరుకోకుండా బిల్లింగ్, ఫోన్లు, క్లయింటు వీపీఎన్, మీ మొదటి లైను స్టాటిక్ ఐపీని మాత్రమే అనుమతించిన ప్రతి పోర్టల్ తెరిచి చూడండి. తెరుచుకోని పోర్టళ్లవాళ్లకు రెండో లైను ఐపీని కూడా చేర్చమని ఆ రోజే రాయండి.