చేతులకిచ్చిన వరము



సింగపూరులో ప్రాథమిక పాఠశాలల పిల్లలు చదువులో భాగంగా పొరుగు దేశాలకు వెళ్లడం కద్దు. చిత్రకళా సంఘపు పిల్లలు ఇండోనేషియాలోని యోగ్యకర్తకు వెళ్తే బాతిక్ అద్దకం నేర్చుకోవచ్చును. కరిగిన మైనంతో గుడ్డపై బొమ్మ గీసి రంగులో ముంచుతారు. మైనమున్న చోట రంగు అంటదు. 2009లో యునెస్కో ఆ కళను గుర్తించింది.

మన సంఘాలలోనో, మార్కులు తగ్గుతాయని బిడ్డ చేత బొమ్మలు మాన్పించే ఇండ్లను మేము చూస్తున్నాము. దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినది చేతిపని నిమిత్తమేనని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది.

విమానం ఎక్కనక్కరలేదు. ఈ వేసవి సెలవుల్లో మచిలీపట్నం దగ్గరి పెడనకు తీసుకువెళ్లి, చెక్క అచ్చులతో వేసే కలంకారీ చూపించండి. కుంచె లాక్కొనకముందు, ఆ వరమిచ్చినది ఎవరో ప్రార్థనలో తలంచుదాము.