తలుపు తట్టే ముందు



అక్టోబరు నెలాఖరు వస్తోందంటే మన డెలానీపూర్ చుట్టుపక్కల క్వార్టర్లలో కొన్నేళ్లుగా ఒక కొత్త సందడి మొదలవుతోంది. 31వ తేదీ సాయంత్రం దయ్యాలు, మంత్రగత్తెలు, అస్థిపంజరాలు గుంపులుగా మెట్లెక్కి వస్తాయి. తలుపు తీయగానే 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని అరుస్తాయి. చాక్లెట్లు సంచిలో పడగానే పక్క బ్లాకుకి పరుగెత్తుతాయి. ఈ దయ్యాల్లో సగం మందికి మరునాడు ఉదయం నేను హాజరు వేస్తాను కాబట్టి వీళ్లెవరో నాకు బాగా తెలుసు.

ఈ పండుగ మీద పెద్దల్లో రెండు అభిప్రాయాలున్నాయి. 'ఇది మనది కాదు, మానేయాలి' అంటారు కొందరు. 'పిల్లల సరదా, పోనిద్దురూ' అంటారు మరికొందరు. నా అభిప్రాయం ఈ రెండింటికీ కాస్త పక్కగా ఉంది. పండుగ ఎక్కడిదన్న చర్చ కన్నా, పక్కింటి తలుపు దగ్గర మన పిల్లలు ఎలా నిలబడుతున్నారన్నది నాకు పెద్ద విషయం.

ముందు హాలోవీన్ సంగతి చూద్దాం. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల దినం. దాని ముందురోజు రాత్రే హాలోవీన్. నవంబరు 2న చనిపోయిన ఆత్మీయులను తలచుకుని ప్రార్థిస్తారు. పూర్వం ఇంగ్లండులో ఆ రోజుల్లో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట చనిపోయినవారి కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవారు. స్కాట్లాండు, ఐర్లండులలో పిల్లలు వేషాలు వేసుకుని వెళ్లి పాటో, పద్యమో, చిన్న గారడీయో చేసి చూపించాకే పండ్లు, గింజలు, చిల్లర పుచ్చుకునేవారు. 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్న మాట ఆ తర్వాత ఉత్తర అమెరికాలో స్థిరపడింది. పెడతారా, లేక మిమ్మల్ని ఆటపట్టించమంటారా అని దాని అర్థం. అంటే పాట పోయి, దాని స్థానంలో ఒక చిన్న బెదిరింపు వచ్చి కూర్చుంది. అయితే అదే అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియా ప్రాంతపు పిల్లలు హాలోవీన్ రోజున తమ కోసం మిఠాయిలు అడగడానికి బదులు ఇతర దేశాల్లో కష్టాల్లో ఉన్న పిల్లల కోసం చిల్లర పోగుచేసి యునిసెఫ్‌కు పంపారు. ఆ అలవాటు ఇప్పటికీ సాగుతోంది.

ఇక మన సంగతి. ఇంటింటికీ తిరిగి అడగడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో దసరా మామూళ్ల గురించి అడగండి. ఒకప్పుడు కోస్తా ఊళ్లలో దసరా రోజుల్లో బడిపంతులు గారు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు ఉండేవి. పూలు, బుక్కాగుండ చల్లుతూ, నేర్చుకున్న పాటలు, పద్యాలు పాడేవారు. అయ్యవారికి ఏదో కొంత డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి. అయ్యవారి సంసారానికి అది కాస్త ఆసరా. ఆ ఏడాది పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఊరంతటికీ తెలియడానికి అదొక పరీక్ష కూడా. తెలంగాణ పల్లెల్లో హోలీకి ముందు రాత్రులు పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి ఆడుతూ గడపగడపకూ వెళ్తారు.

బదిలీల మీద తిరిగే మనలాంటి వాళ్లకు ఇంకొన్ని కూడా తెలుసు. పంజాబులో లోహ్రీకి పిల్లలు దుల్లా భట్టీ పాట పాడి వేరుశనగలు, రేవడీలు తీసుకుంటారు. ఉత్తరాఖండ్‌లో చైత్రం మొదటి రోజున పిల్లలు పొద్దున్నే పూలు ఏరుకొచ్చి ఇరుగుపొరుగు గడపల మీద ఉంచి ఆ ఇల్లు చల్లగా ఉండాలని పాడతారు. దాన్ని ఫూల్ దేయీ అంటారు. ఇంటివారు బియ్యం, బెల్లం, డబ్బులు పెడతారు. ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పౌర్ణమినాడు ఛేర్‌ఛేరా అని కొత్త ధాన్యం అడుగుతారు. అస్సాంలో బిహూ రోజుల్లో హుసరి బృందాలు వాకిట్లో ఆడిపాడి ఇంటివారిని దీవించి వెళ్తాయి.

వీటన్నిటిలో ఒక పోలిక గమనించారా? పిల్లలు ముందు ఏదో ఒకటి ఇస్తున్నారు. పాటో, పువ్వో, దీవెనో, చనిపోయినవారి కోసం ప్రార్థనో. తరువాతే చెయ్యి చాపుతున్నారు. అందుకే అది బిచ్చమూ కాదు, దబాయింపూ కాదు. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: ఇచ్చిపుచ్చుకోవడం. ఆ మాటలో ఇవ్వడమే ముందుంది, చూడండి.

మన క్వార్టర్లలో జరిగేదానిలో నాకు లోటుగా కనిపించేది ఇదే. రాత్రి డ్యూటీకి వెళ్లవలసిన మనిషి నిద్రపోతుంటే ఆ తలుపు గంట ఆగకుండా మోగుతుంది. పళ్లెం ముందుకు చాపితే ఒక్క చెయ్యి గుప్పెడు నింపుకుంటుంది, వెనకాల ఉన్న ఒకటో తరగతి పాపకు ఖాళీ పళ్లెం మిగులుతుంది. 'ఇదేనా? పైన ఆంటీ పెద్దది ఇచ్చారు' అన్న మాట వినిపిస్తుంది. మెట్ల కింద వేషం లేని పిల్లవాడొకడు నిలబడి చూస్తుంటాడు. వాళ్ల నాన్నకు ఆ మధ్యనే ఇక్కడికి బదిలీ అయింది. సామాను ఇంకా ఓడలోనే ఉంది. రమ్మని వాణ్ణి ఎవరూ పిలవలేదు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద నేరం కాదు. కానీ ఆ రాత్రి ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి ఈ ఊరి గురించి ఏమనుకుంటాడో ఒక్కసారి ఆలోచించండి. మనలో చాలామందిమి ఏదో ఒక ఊళ్లో ఆ మెట్ల కింద నిలబడ్డవాళ్లమే.

వేషాల గురించి కూడా ఒక మాట. మనం ఉంటున్నది అండమాన్‌లో. ఒంటికి నల్లరంగు పూసుకుని, ఆకులు కట్టుకుని, బాణం పట్టుకుని 'జార్వా వేషం' అనడం ఇక్కడ తగదు. జార్వాలు కథల్లో భూతాలు కారు. ఇదే దీవుల్లో ఈ రోజుకీ తమ అడవిలో తాము బతుకుతున్న మన తోటి మనుషులు. వారి రక్షణకు 1956 నుంచే ప్రత్యేక నిబంధన అమల్లో ఉంది. అలాగే సంకెళ్లు వేసుకుని 'సెల్యులార్ జైలు దయ్యం' అవతారమెత్తడం కూడా. ఆ జైలు మనకు ఆటోలో కాసేపటి దూరం. అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, బతికి బయటపడి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తిరిగి వెళ్లలేకపోయినవారు ఎందరో. వారిని తలచుకోవాలి గాని, వారి వేషంతో నవ్వించరాదు. పులి వేయండి, కొబ్బరి పీత వేయండి, బకాసురుడు వేయండి, ఎవరి మనసూ నొవ్వదు.

'ఇంత చిన్నదానికి ఇన్ని నీతులా, టీచర్?' అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగండి, జవాబు చెబుతాను. సొంత ఊళ్లో ఉన్న పిల్లలకు ఇరుగుపొరుగు పుట్టుకతోనే వస్తారు. ఒక ఏడాది తలుపు దగ్గర దురుసుగా ఉన్నా, 'ఫలానావారి మనవడే కదా' అని సర్దుకుపోతారు. మనకు ఆ వెసులుబాటు లేదు. మన తాతలెవరో ఎదురింటివారికి తెలియదు. మూడు నాలుగేళ్లలో వాళ్లో, మనమో వెళ్లిపోతాం. ఈలోగా జ్వరం వచ్చినా, అమ్మ ఆసుపత్రిలో ఉన్నా, తుపాను హెచ్చరికతో ఓడలు ఆగిపోయినా మనం తట్టేది ఆ తలుపే. ఎదుటివారికి మనం ఎవరో తెలియజేసేది మన నడవడి ఒక్కటే.

అందుకని ఈసారి వెళ్లేవారికి నా సూచనలు. అక్టోబరు చివర ఇక్కడ ఐదు గంటలకల్లా పొద్దు వాలిపోతుంది. వానలు కూడా ఉంటాయి. టార్చి, గొడుగు ఉంచుకోండి, ఏడింటికల్లా ఇళ్లు చేరండి. చిన్నవాళ్లతో ఒక పెద్దవారు ఉండాలి. వాకిట్లో దీపం వెలుగుతున్న ఇంటికే వెళ్లండి. చీకటిగా ఉంటే అలికిడి చేయకుండా ముందుకు నడవండి. ఆ ఇంట్లో జబ్బు ఉండవచ్చు, దుఃఖం ఉండవచ్చు, వారికి ఇష్టం లేకపోనూవచ్చు. గంట ఒక్కసారే నొక్కండి. తలుపు తీయగానే నమస్తే చెప్పి ఒక పాట పాడండి, లేదా ఒక పద్యం చెప్పండి. తెలుగులోనే కానక్కరలేదు. బెంగాలీ, తమిళం, నికోబారీ, హిందీ, మీ ఇంట్లో ఏ భాష ఉంటే అది. ఎవరైనా ఒక్కటే తీసుకోవాలి, అందరికన్నా చిన్నవారు ముందు. తీసుకున్నాక కృతజ్ఞతలు చెప్పండి. కాగితాలు జేబులో వేసుకోండి. మెట్ల మీద పడేస్తే వాన నీళ్లతో కాలువలోకి, కాలువ నుంచి సముద్రంలోకి పోతాయి. బయలుదేరే ముందు మీ బ్లాకులో ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలెవరో కనుక్కుని వాళ్లను పిలవండి. వేషం లేకపోతే ఒక పాత దుప్పటి చాలు, దయ్యం తయారవుతుంది.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. ఆ సాయంత్రం అన్ని వాకిళ్లలోనూ దీపాలు ఉన్నాయి. ప్రతి ఏడాదీ అలా కుదరదు. కానీ మీరు వచ్చి వెళ్లాక ఆ ఇంటివారు 'ఎవరి పిల్లలో గాని, చక్కగా ఉన్నారు' అనుకోవడం మాత్రం ఏ ఏడాదైనా కుదురుతుంది. మీ నాన్నగారి తర్వాతి పోస్టింగు ఏ ఊరికైనా సరే, మీ వెంట వచ్చే సామానులో బరువు లేనిది ఈ మర్యాద ఒక్కటే. మరచిపోకుండా పట్టుకెళ్లండి.