ఆశ కందులు, నాలుగు వేల వార్నింగులు

మాది రాయికోడ్. ఊరి నుంచి హైవే ఎక్కి హైదరాబాద్ వస్తుంటే ముందు కందిలో ఐఐటీ, తర్వాత పటాన్‌చెరులో ఇక్రిశాట్ తగులుతాయి. ఆ పైన గచ్చిబౌలి, మన కంపెనీలు. ఈ దారిలో తిరుగుతుంటే నాకెప్పుడూ ఒకటే సందేహం. ఇక్రిశాట్‌లో పుట్టిన విత్తనం మా నాయన చేను దాకా వచ్చింది. ఐఐటీలో రాసిన పేపరు నా టీం దాకా ఎందుకు రాదు?

కందికి ఎండు తెగులు పడితే మొక్కలు నిలువునా ఎండిపోతాయి. 1993లో విడుదలైన ఆశ రకం (ఐసీపీఎల్ 87119) దాన్ని తట్టుకుంటుంది. ఎవరో చెప్తే మా నాయన నమ్మలేదు, పక్క చేన్లో చూసి నమ్మాడు. అలా చేలో వేసి చూపించడానికే కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. జహీరాబాద్ దగ్గర డిడ్గిలో ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ మధ్యవాళ్ళేరీ?

నేను ఇదివరకు పనిచేసిన చోట స్టాటిక్ ఎనాలిసిస్ టూల్ కొన్నారు. మొదటిరోజే నాలుగు వేల వార్నింగులు, ఎక్సెల్ షీట్లో. ఓ ఇరవై చూసి మూసేశాను. కొన్నాళ్ళకి ఓ అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. నల్ పాయింటర్. తర్వాత వెతికితే ఆ లైను షీట్లో ఉంది! ఇది ఎవరికీ చెప్పలేదు లెండి.

ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2019లో రాసిన వ్యాసం చదివాక కాస్త ఊరట. వాళ్ళ ఇన్ఫర్ టూల్ సెపరేషన్ లాజిక్ అనే యూనివర్సిటీ పరిశోధన నుంచి వచ్చింది. దాన్ని తయారుచేసిన మోనోయిడిక్స్‌ని 2013లో ఫేస్‌బుక్ కొనుక్కుంది. మొదట రాత్రికోసారి నడిపి, బగ్గుల జాబితా డెవలపర్లకిచ్చారు. సరిచేసినవి దాదాపు సున్నా. అదే ఎనాలిసిస్‌ని కోడ్ రివ్యూలో, మార్చిన లైన్ల పక్కనే చూపించారు. 70 శాతం పైగా సరిచేశారు. తప్పుడు వార్నింగుల శాతం మారలేదు, చూపించిన సమయం మారిందంతే.

ఈ సంగతి ల్యాబ్‌లో కూర్చుంటే తెలిసేది కాదు. ప్రొఫెసర్లకి ఇండస్ట్రీ తెలీదని వెక్కిరిస్తాం గానీ, మనం వాళ్ళని మన చేలోకి రానిచ్చిందెప్పుడు?

అందుకే ఈమధ్య మా మేనేజర్‌ని అడిగాను. ఇద్దరు ఎంటెక్ పిల్లల్ని ఆరు నెలలు మా టీంలో కూర్చోబెడదాం, మా పాత బగ్గులన్నీ చూడనిద్దాం అని. ఆయన కాదనలేదు. "మన బగ్గులు బయటివాళ్ళకా?" అని మాత్రం అడిగాడు. మెయిలు లీగల్ వాళ్ళకి వెళ్ళింది. ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశాను.